బ్రౌన్ డే నాటి గౌను

మూడున్నరేళ్ల పిల్లకు ఎరుపు నేర్పడం ఒక పూట పని. పసుపు అంతకన్నా తేలిక. బ్రౌన్ దగ్గరికి వచ్చేసరికి కొత్త టీచర్లు బెంబేలెత్తుతారు. టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చిన అమ్మాయిని కూడా చూశాను. చిన్నపిల్లలకు చదువు చెప్పే పనిలోకి రాబోతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను కాబట్టి ఆ రంగుతోనే మొదలుపెడతాను. ఆ ఒక్క రంగు దగ్గర నేను నేర్చుకున్నంత మిగతా రంగులన్నిటి దగ్గరా కలిపి నేర్చుకోలేదు.

ముందు నా లెక్క చెప్పాలి. చేవెళ్లలో ఒక చిన్న బడిలో పన్నెండేళ్లు, తర్వాత మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పందొమ్మిదేళ్లు, మొత్తం ముప్పై ఒకటి. అందులో ఆపరేషన్‌కు ఇంట్లో ఉన్న నలభై రోజులు తీసేయాలి. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి రాయను. అవి ఎవరూ నేర్పకపోయినా వస్తాయి.

సరైన జవాబును నమ్మవద్దు

గోడ మీద చార్టులో మట్టి బ్రౌన్, చెట్టు మొదలు బ్రౌన్ అని ఉంటుంది. చేవెళ్ల చుట్టుపక్కల పిల్లను మట్టి ఏ రంగు అని అడిగి చూడండి. చెల్క భూమి ఉన్న ఇంటి పిల్ల ఎరుపు అంటుంది. నల్లరేగడి ఉన్న ఇంటి పిల్ల నలుపు అంటుంది. ఇద్దరూ కళ్లతో చూసిందే చెప్పారు. చార్టు గీసినవాడు మా మట్టిని చూడలేదు. చెట్టు మొదలు కూడా అంతే. నీలగిరి మొదలు తెల్లగా ఉంటుంది, వానకు తడిసిన వేప మొదలు నల్లగా ఉంటుంది.

అందుకని నేను చార్టు పక్కన పెట్టి వస్తువులు తెచ్చేదాన్ని. చింతపండు, కొబ్బరి పీచు, కుంకుడుకాయ, తోలు చెప్పు, ఎండిన మోదుగాకు. వాటి మధ్యలో ఒక ఎర్ర ఇటుక ముక్క, ఒక బొగ్గు ముక్క. "బ్రౌన్ ఏది?" అని కాదు, "ఇందులో బ్రౌన్ కానిదేది?" అని అడగాలి. ఎరుపు, నలుపు, పసుపు మూడింటి పొలిమేరలూ తాకే రంగు ఇది. పొలిమేర తెలియని పిల్లకు రంగు తెలిసినట్టు కాదు.

చేవెళ్ల బడిలో మా హెడ్‌మిస్ట్రెస్ సుశీల టీచర్ కోపిష్టి మనిషి. ఒకరోజు నా క్లాసులో కూర్చుని చూసింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నేను చెప్పిన రంగు వస్తువును సరిగ్గా తీస్తున్నారు. నేను లోపల మురిసిపోతున్నాను. పిల్లలు వెళ్లాక ఆమె అంది:

"పిల్లలకు ఏం రాలే. నీ కండ్లకు వచ్చింది."

"అదేంది మేడం?"

"బ్రౌన్ అనంగనే నువ్వు చింతపండు దిక్కు చూస్తున్నవ్. వాళ్లు నీ కండ్ల దిక్కు చూస్తున్నరు. రేపటి సంది పిల్ల ఎనుక నిలవడి అడుగు."

మర్నాడు వెనక నిలబడి అడిగాను. సగానికి పైగా తప్పు తీశారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా రంగు అడిగేటప్పుడు పిల్ల ముందు నిలబడలేదు.

మొయినాబాద్ స్కూల్లో నా కింద స్వప్న అని ఒక కొత్త టీచర్ చేరింది. తెలివైన అమ్మాయి, తొందర ఎక్కువ. ఒకనాడు పరుగున వచ్చి, "టీచర్, నా క్లాసుల అందరికీ బ్రౌన్ వచ్చేసింది. ఒక్కరు గూడ తప్పు తీస్తలేరు" అంది. ఒక్కరు కూడా తప్పు చేయని క్లాసును నేను నమ్మను. వెళ్లి క్రేయాన్ డబ్బాలు చూశాను. ఎరుపు, నీలం, పసుపు అరిగి పిప్పరమెంటు ముక్కంత అయ్యాయి. బ్రౌన్‌ను ఎవరూ ముట్టుకోరు కాబట్టి అది కొన్ననాటి పొడుగే ఉంది. పిల్లలు తీస్తున్నది రంగును కాదు, పొడుగును.

"అన్నిట్ల బ్రౌన్ మధ్యకు ఇరువు" అన్నాను.

"అయ్యో టీచర్, కొత్తయి!"

"ఇరువు."

విరిచాక చూస్తే క్లాసులో నలుగురికి వచ్చు. ఆ నలుగురిలో నిత్య ఒకతె. నాలుగేళ్ల పిల్ల. వెనక నిలబడి అడిగినా, వస్తువులు మార్చి అడిగినా తప్పు చేయలేదు. మా ఆయమ్మ బాలమణి కూతురు. ఆయమ్మలుగా పనిచేసేవాళ్ల పిల్లలకు మా స్కూల్లో ఫీజు లేదు.

బ్రౌన్ డే ఎవరికి కావలసి వచ్చింది

ఈ మధ్య ప్రైవేటు స్కూళ్లలో రంగుకొక రోజు పెడుతున్నారు. ఆ రోజు పిల్లలంతా ఆ రంగు బట్టలు వేసుకుని, ఆ రంగు తిండి డబ్బాలో పెట్టుకుని రావాలి. రెడ్ డే, ఎల్లో డే అంటే తల్లులు పెద్దగా విసుక్కోరు. ఆ రంగు బట్టలు ఇంట్లో ఉంటాయి. మా స్కూల్లో బ్రౌన్ డే పెట్టాలని డైరెక్టర్ మేడం అన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. మేడం, ఆమె భర్త కరస్పాండెంట్ సార్ చేవెళ్లలో పేరున్న బట్టల దుకాణం వాళ్లు. ఏదో కాలేజీ యూనిఫాం కోసం తెప్పించిన బ్రౌన్ బట్ట, ఆర్డర్ రద్దయి వాళ్ల దుకాణంలో తానులు తానులుగా పడి ఉందని అక్కడ పనిచేసే అమ్మాయి నాకు అంతకుముందే చెప్పింది. దీనికీ దానికీ సంబంధం ఉందనడానికి నా దగ్గర రుజువు లేదు. అనుమానం మాత్రం ఇప్పటికీ ఉంది.

వాట్సాప్‌లో మెసేజ్ వెళ్లిన సాయంత్రం గేటు దగ్గర తల్లుల మాటలు విన్నాను.

"బ్రౌన్ అంటే ఏ రంగు అక్కా?"

"చాయ్ రంగు."

"మా పోరనికి చాయ్ రంగు అంగీ యాడికెళ్లి తేవాలె?"

"ఫికర్ చెయ్యకు. పొద్దుగాల మట్టిల పొర్లిచ్చి తోలు."

"మా మట్టి నల్లగుంటది గదనే!"

అందరూ నవ్వారు. గేటు మూయడానికి వచ్చిన బాలమణి కూడా నవ్వింది. ఆమె ఊరు చిన్న మంగళారం. భర్తకు ఊరి మూల మీద చాయ్ డబ్బా ఉంది. ఫాంహౌజుల్లో పనికి వెళ్లేవాళ్లు పొద్దున్నే అక్కడే చాయ్ తాగి పోతారు.

మైకు ముందు

బ్రౌన్ డే గురువారం వచ్చింది. దుకాణాలున్న ఇళ్ల పిల్లలు కొత్త బట్టలతో దిగారు. ఒక పిల్లవాడు తాత మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. ఇంకొకడికి తల్లి అట్టపెట్టె కోసి మెడలో వేసి పంపింది. నిత్య లేత బ్రౌన్ గౌను వేసుకుని వచ్చింది. రంగు అంతటా ఒకేలా లేదు, కుచ్చుల దగ్గర చిక్కగా, భుజాల దగ్గర పలచగా ఉంది.

మేడం వీడియో తీయించాలనుకుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మైకులో తమ బట్టల రంగు చెప్పాలి. కెమెరా ముందు పిల్ల చెప్పేది పిల్లకు తెలిసింది కాదని నేను ముందే చెప్పాను. వినలేదు. తల్లులు పది, పదిహేను మంది గేటు దగ్గరే నిలబడి చూస్తున్నారు.

నిత్య వంతు వచ్చింది. మేడం వంగి, మైకు పెట్టి, "నిత్యా, వాట్ కలర్ ఈజ్ యువర్ ఫ్రాక్?" అంది.

"వైట్."

"సరిగ చూసి చెప్పు బేటా. వాట్ కలర్?"

"వైట్" అంది మళ్లీ, ఇంకా గట్టిగా. పిల్లలు గొల్లున నవ్వారు. నిత్య నవ్వలేదు.

మేడం ముఖం మాడింది. అప్పుడే గౌను అంచు చేతిలోకి తీసుకుని చూసింది. "ఈ బట్ట యాన్యువల్ డేకు చెట్లేషాల కోసం తెచ్చింది గదా?" అంది. మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆ మాట గేటు దాకా వినపడింది.

స్టోర్ రూం తెరిపించారు. చెట్ల వేషాల బ్రౌన్ బట్ట అందులో లేదు. ఆ గది ఊడ్చేది బాలమణి. తాళంచెవి ఉండేది బాలమణి దగ్గరే.

"ఈ గౌను యాడిది?" అని మేడం అడిగింది.

"ఇంట్లదే మేడం."

"ఎప్పుడు కొన్నవ్? ఏ దుకాణంల?"

బాలమణి తల వంచుకుంది.

"చెప్తలేవంటే ఏమనుకోవాలె? చూడు, శనివారం దాక టైం ఇస్తున్న. నిజం చెప్పు. లేదంటే నువ్వు బందు, నీ పిల్ల గూడ బందు."

బాలమణి చీపురు తీసుకుని వరండా చివరికి వెళ్లిపోయింది.

తప్పు జవాబు

ఆ గంటసేపు నేనూ బాలమణినే అనుమానించాను. అడిగిన దానికి జవాబు చెప్పని మనిషిని ఎవరైనా అనుమానిస్తారు. కానీ నాకు ఒకటి అతకలేదు. నిత్యకు బ్రౌన్ వచ్చు. మంగళవారం నేనే వెనక నిలబడి పరీక్ష చేశాను. వచ్చిన రంగు గురువారానికి ఎట్లా పోతుంది? భయపడిందా అంటే, రెండోసారి ఇంకా గట్టిగా చెప్పింది. భయపడ్డ పిల్ల గొంతు రెండోసారికి తగ్గుతుంది.

కొత్త టీచర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. సరైన జవాబు వెనక ఏముందో ఒకసారి చూడండి. తెలిసిన పిల్ల తప్పు చెబితే మాత్రం వదలకుండా చూడండి. మేడం చూడలేదు. స్వప్న కూడా ఆ రోజు "నర్వస్ అయింది టీచర్" అని వదిలేసింది.

మధ్యాహ్నం తిండి అయ్యాక నిత్యను నా గదిలో చాప మీద కూర్చోబెట్టాను. చింతపండు, కొబ్బరి పీచు ముందు పెట్టి వెనక కూర్చున్నాను.

"ఇదేం రంగు?"

"బ్రౌన్."

"ఇది?"

"గిది గూడ బ్రౌనే టీచర్. మొన్న అడిగినవ్ గదా."

"మంచిది. ఇప్పుడు నీ గౌను అంచు తెచ్చి చింతపండు పక్కన పెట్టు. రెండు ఒక్కతీరుగ ఉన్నయా?"

చాలాసేపు చూసింది. "జర ఒక్కతీరుగనే ఉన్నయి."

"మరి గౌను ఏ రంగు?"

"వైటే!" అంది, నాకు ఎంత చెప్పినా అర్థం కావడం లేదన్నట్టు. "శనివారం గౌను టీచర్ ఇది. చాయ్ తాగింది."

శనివారం మా పిల్లలందరికీ తెల్ల యూనిఫాం. అదే కాలరు, అదే నడుం పట్టీ, అవే మూడు గుండీలు. ప్రతి శనివారం ఆ గౌనును క్లాసు నిండా చూస్తున్న మేము, రంగు మారేసరికి పోల్చుకోలేకపోయాం. మేం రంగులు నేర్పేవాళ్లం.

అయినా పిల్ల మాట ఒక్కటే చాలదు. గౌను అంచు తిరగేసి చూశాను. బట్ట బ్రౌన్‌గా ఉంది, కుట్టు దారం మాత్రం తెల్లగా మెరుస్తోంది. నూలు బట్ట చాయ్ రంగు పీల్చుకుంటుంది, టెరిలీన్ దారం పీల్చుకోదు. బ్రౌన్ బట్ట తెచ్చి కుట్టిన దర్జీ ఎవడైనా ఇంత తెల్ల దారం వాడడు. మేడం వాళ్ల దుకాణంలో అసలు కాటన్ అని అమ్మే యూనిఫాం నిజంగానే కాటన్ అని నాకు ఆ రోజే నమ్మకం కుదిరింది.

రుజువు

సాయంత్రం పిల్లలు వెళ్లాక నల్లా దగ్గర బాలమణిని పట్టుకున్నాను.

"చాయ్ పత్తిల ఉడకవెట్టినవా?"

ఆమె చేతిలో బకెట్టు కింద పెట్టింది. "పోరి చెప్పిందా?"

"చెప్పింది. నువ్వెందుకు చెప్పలే? దొంగ అంటుంటే గూడ నోరు తెరవకపోతివి."

"ఎట్ల చెప్పాలె టీచర్? చెప్తే, మరి శనివారం ఏం తొడుగుతవ్ అంటరు. తెల్ల గౌను లేకుంటే గేటు లోపటికి రానియ్యరు. దొంగతనం అంటే రుజువు కావాలె. యూనిఫాం ఖరాబు చేసిన అంటే రుజువు పిల్ల ఒంటి మీదనే ఉన్నది."

నేను నల్లా కట్టేశాను.

"ఉతికితే పోతదనుకున్నవా?"

"అనుకున్న."

"మీ డబ్బాల చాయ్ వడవోసే గుడ్డ ఎన్నడన్న తెల్లగయిందా?"

"కాలే" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "తెలుసు టీచర్. తెలిసి గూడ సబ్బు మీద ఆశ వెట్టుకున్న. పోరి మూడు రోజుల సంది బ్రౌన్ బ్రౌన్ అని ఒకటే పాట. అందరు ఏసుకస్తరు, నేనొక్కదాన్నే మామూలు గౌనా అన్నది. ఇయ్యాల రాత్రి సోడా ఏసి ఉతుకుత. తెల్లగయితే ఎవలకు చెప్పకు."

"కాకపోతే?"

"కాకపోతే నీ ఇష్టం."

శుక్రవారం పొద్దున ప్లాస్టిక్ కవర్లో గౌను తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఇంకా తడిగా ఉంది. సోడా వేసి ఉతికాక రంగు అంతటా సమానంగా పరుచుకుని, ముందుకన్నా మంచి బ్రౌన్ అయింది.

దాన్ని తీసుకుని ఆఫీసు గదిలోకి వెళ్లాను. మేడం, కరస్పాండెంట్ సార్ ఇద్దరూ ఉన్నారు. నేను ఏమీ చెప్పలేదు. నేను చెబితే ఆయమ్మను వెనకేసుకొస్తున్నాననే అనుమానం వాళ్లకు వస్తుంది. వాళ్ల స్థానంలో ఉంటే నాకూ వస్తుంది. గౌను సార్ ముందు పెట్టి, "మీరు పుట్టిన సంది బట్టలు చూస్తున్నరు. ఇది ఏం బట్టనో చెప్పున్రి" అన్నాను.

ఆయన అంచు మడత విప్పాడు. దారం వేలితో లాగి చూశాడు. కాలరు తిరగేశాడు. అరనిమిషం పట్టలేదు.

"ఇది మన యూనిఫాం గౌనే" అన్నాడు. "ఎవలో రంగేసిన్రు."

"మన యూనిఫామా?" మేడం గౌను లాక్కుని చూసింది. తర్వాత బాలమణి ముందే చెప్పిన మాట అక్షరం పొల్లు పోకుండా అనేసింది: "అయితే యూనిఫాం ఖరాబు చేసింది గదా!"

"మేడం," అన్నాను, "మనం పంపిన మెసేజ్‌ల బ్రౌన్ కొనుక్కోమని లేదు. బ్రౌన్ ఏసుకొని రమ్మని ఉన్నది. అందరు కొనుక్కొచ్చిన్రు. ఆమె తయారు చేసుకొచ్చింది. ఇందుల తప్పేందో చెప్పున్రి, పోయి ఆమెకు చెప్తా."

సార్ గౌను మడతపెట్టి నా చేతికిచ్చాడు. "రేపు దుకాణంల నుంచి ఒక తెల్లది తెచ్చి పిల్లకియ్యి" అన్నాడు భార్యతో. "ఇగ ఈ ముచ్చట బందు."

శనివారం గేటు దగ్గర

ముచ్చట బందు కాలేదు. శనివారం పొద్దున నేను ఆటో దిగేసరికి బాలమణి గేటు బయటే నిలబడి ఉంది. పక్కన నిత్య, బ్రౌన్ గౌనులో. తెల్ల గౌన్ల పిల్లలు వాళ్లను దాటుకుంటూ లోపలికి పోతున్నారు. కొందరు తల్లులు పోకుండా ఆగారు.

మేడం కొత్త గౌను కవరుతో బయటికి వచ్చింది. "తీసుకో బాలమణి. లోపటికి తీసుకపోయి తొడుగు."

"గౌను వద్దు మేడం. మాట కావాలె."

"ఏం మాట?"

"బేస్తారం నాడు అందరి ముందర నన్ను దొంగను చేస్తిరి. కాదని గూడ అందరి ముందరనే అనున్రి."

"నేను దొంగ అన్ననా? బట్ట ఏదని అడిగిన, అంతే."

"మైకుల అడిగిన్రు మేడం. ఈడున్నోళ్లందరు ఇన్నరు."

మేడం నా వైపు చూసింది. నేను ఏదైనా సర్దిచెబుతానని అనుకుని ఉంటుంది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను.

"బాలమణి ఏం తియ్యలే" అంది మేడం, దాదాపు తనలో తాను అనుకున్నట్టు.

"ఇనవడలే మేడం!" అని వెనక నుంచి ఒక తల్లి అరిచింది. "మైకు తెప్పియ్యమంటరా?"

నవ్వులు లేచాయి. మేడం చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి రోడ్డు అవతలి దుకాణాలకు కూడా వినపడేలా అంది: "బాలమణి ఏం తియ్యలే! ఆ గౌను ఆమెదే!"

"గిప్పుడు ఇయ్యున్రి" అని బాలమణి కవరు అందుకుంది. తర్వాత కొంగు ముడి విప్పి స్టోర్ రూం తాళంచెవి తీసి మేడం చేతిలో పెట్టింది. "ఊడుస్తా, తుడుస్తా, పిల్లల ముడ్లు కడుగుతా. ఇది మాత్రం ఇగ నాకొద్దు."

సోమవారం స్వప్న తన క్లాసు మొత్తానికి తెల్ల గుడ్డ ముక్కలు పంచింది. బాలమణి భర్త వాడేసిన చాయ్ పత్తి ఒక డబ్బా నిండా పంపాడు. పిల్లలు తమ చేత్తో ముంచి, తీసి, ఎండబెట్టారు. ఎండాక ఏ రంగు అని అడిగితే కొందరు బ్రౌన్ అన్నారు, కొందరు చాయ్ తాగిన వైట్ అన్నారు. ఎవరికి టిక్ పెట్టాలని స్వప్న అడిగింది. అందరికీ పెట్టమన్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో నేను అనుమానించని బ్రౌన్ పాఠం అదొక్కటే. తెలుపు ఎక్కడ బ్రౌన్ అవుతుందో ప్రతి పిల్లా కళ్లారా చూసింది. పై ఏడు బ్రౌన్ డే పెట్టలేదు. గొడవ వల్ల అని స్వప్న అంటుంది. తానులు అమ్ముడైపోయి ఉంటాయని నా అనుమానం.

చెట్ల వేషాల బట్ట మాత్రం దొరకలేదు. తాళంచెవి బాలమణి తీసుకోనందని మేడం దాన్ని నాకిచ్చింది. రిటైరయ్యేదాకా నాలుగేళ్లు నా సంచిలోనే ఉంది. ఆ నాలుగేళ్లలో ఆ గదిలోంచి రెండు డప్పులు పోయాయి, స్టేజీ పరదా ఒకటి పోయింది, చివరి ఏడు ఏకంగా మైకే పోయింది. పోయిన ప్రతిసారీ నేనే వెళ్లి మేడంకు చెప్పాను. ఆమె వాచ్‌మన్‌ను అడిగింది, డ్రైవరును అడిగింది, కొత్తగా చేరిన ఆయమ్మను రెండుసార్లు అడిగింది. తాళంచెవి నా చేతిలోనే ఉండేది. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.